కౌంటీ ఫెయిర్‌కి మామిడికాయ పచ్చడి: అయోవాలో నా అనుభవం

అమెరికాలోని అయోవాలో కౌంటీ ఫెయిర్, అంటే మన జిల్లా స్థాయి తిరనాళ్ల లాంటిది, అందులో పోటీకి మామిడికాయ పచ్చడి పెట్టాలంటే ముందు అందులోంచి నూనె తీసేయాలి, ఆపైన వెనిగర్ పోయాలి, చక్కెర వేయాలి, అంతా ఉడకబెట్టాలి. ఇది చెప్తే మా అమ్మ తణుకు నుంచి ఫోన్లో "ఇంకేం మిగిలిందే అందులో?" అంది. ఆ మిగిలినదాంతోనే పోటీకి వెళ్లాను, రిబ్బన్ తెచ్చుకున్నాను, మా ఊరి పేపర్లో పేరు కూడా పడింది. ఇక్కడ చిన్న ఊళ్లలో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఫెయిర్‌కి వెళ్తారు, పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కిస్తారు, నిమ్మరసం తాగి వచ్చేస్తారు. మనం కూడా అందులో ఏదైనా పోటీకి పెట్టొచ్చని, దానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదని పెద్దగా ఎవరికీ తెలియదు. అందుకే మొత్తం ఎలా జరిగిందో రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మా ఊరు ఫెయిర్‌ఫీల్డ్. అయోవా రాష్ట్రంలో ఆగ్నేయం మూల, జెఫర్సన్ కౌంటీకి ముఖ్య పట్టణం. పట్టణం అంటే మన లెక్కలో పెద్ద పల్లెటూరే, 2020 జనాభా లెక్కల్లో 9,400 పైచిలుకు. ఊరి నడుమ పార్కు, దాని నాలుగువైపులా పాత ఇటుక భవనాల్లో షాపులు, ఒక వాల్‌మార్ట్, హైవీ అనే ఒక సూపర్ మార్కెట్, ఊరు దాటితే ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లాలంటే అయోవా సిటీ వైపు గంటకి పైగా డ్రైవింగ్.

ఈ ఊరి పేరు తెలుగువాళ్లెవరైనా విన్నారంటే అది మహర్షి యూనివర్సిటీ వల్లే అయి ఉంటుంది. ఇక్కడ 1875 నుంచి పార్సన్స్ కాలేజీ అని ఒకటి ఉండేది, అది 1973లో దివాలా తీసి మూతపడితే మరుసటి ఏడాది మహేశ్ యోగి సంస్థవాళ్లు ఆ క్యాంపస్ కొనేశారు. ధ్యానం చేసుకోవడానికి 1980, 81లలో రెండు పెద్ద బంగారు రంగు గోపురాలు కట్టారు, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. ఇప్పుడు అక్కడికి కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ కోసం రకరకాల దేశాల పిల్లలు వస్తారు, కొన్ని నెలలు క్లాసులు చదివి ఇంటర్న్‌షిప్ దొరకగానే వేరే రాష్ట్రాలకి వెళ్లిపోతారు. ఊరి పక్కనే 2001లో వేదిక్ సిటీ అని ఇంకో ఊరే పుట్టింది. అక్కడ ఇళ్లన్నీ తూర్పు ముఖమే, ఇంటి పైన కలశం, మధ్యలో బ్రహ్మస్థానం. మా మామగారు వచ్చినప్పుడు ఆ వీధులన్నీ తిరిగి చూసి, అమెరికాలో బుద్ధున్నవాళ్లు కట్టిన ఊరు ఇదొక్కటే అని తేల్చేశారు.

మా ఆయన ఉద్యోగం ఇక్కడే ఒక చిన్న కంపెనీలో. అందరూ వచ్చి పోతుంటే మేం మాత్రం ఉండిపోయాం. ఇందులో ఇబ్బంది ఏంటంటే, ఊళ్లో ధ్యానం చేసేవాళ్లు ఒక గుంపు, తరాలుగా వ్యవసాయం చేసే కుటుంబాలు ఇంకో గుంపు. యాభై ఏళ్లలో బాగానే కలిసిపోయారు, పెళ్లిళ్లు కూడా అయ్యాయి, కానీ నన్ను చూడగానే "మీరు క్యాంపస్ వాళ్లా?" అని అడిగేవాళ్లు. ఇండియన్ మొహం కనిపిస్తే క్యాంపస్ అనుకోవడం సహజమే. కాదు, కూరగాయల కోసం వచ్చాను అని చెప్పాల్సొచ్చేది.

నేను హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగం వల్ల వచ్చే, మామూలుగా పని చేయడానికి వీల్లేని వీసా మీద ఉన్న రోజుల్లో మధ్యాహ్నాలు లైబ్రరీకి పోయి ఊరి పేపర్ మొదటి నుంచి చివరిదాకా చదివేదాన్ని. సరదాగా మొదలైంది, తర్వాత వ్యసనం అయింది. మన పేపర్లకి జిల్లా ఎడిషన్ ఉంటుంది కదా, ఫలానా మండలంలో ఫలానా వారి సన్మానం, ఫలానా గ్రామంలో మంచినీటి సమస్య, అచ్చం అదే. సిటీ కౌన్సిల్లో మురుగుకాలువ గొడవ, హైస్కూల్ వాలీబాల్ స్కోర్లు, షెరీఫ్ ఆఫీసు చిట్టాలో రోడ్డెక్కిన ఆవు, పోయినవాళ్ల గురించి సగం పేజీ. ఎవరు ఏ చర్చిలో పాట పాడేవారు, ఎన్ని ఎకరాలు చేశారు, ఎంతమంది మునిమనవలు, అన్నీ రాస్తారు. నిజం చెప్పాలంటే ఆ చావు కబుర్లు చదివే నాకు ఈ ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసింది. జూలై మొదట్లో ఒక రోజు పేజీల నిండా ఫెయిర్ ఫలితాలు. అవి చూసి ఆశ్చర్యపోయాను. మొదటి బహుమతి వాళ్లవే కాదు, మూడో రిబ్బన్ వచ్చిన వాళ్ల పేరు కూడా, ఏడేళ్ల పిల్ల పెంచిన కుందేలు దగ్గర్నుంచి ఎనభై దాటిన ముసలమ్మ కుట్టిన దుప్పటి దాకా, ప్రతి పేరూ. ఊళ్లో సగం ఇంటిపేర్లు ఆ పేజీల్లోనే ఉన్నాయి. మన పేరు ఒక్కటి కూడా లేదు.

ఆ మాట మా పక్కింటి పెద్దావిడతో అన్నాను. ఆవిడది ఊరి బయట పొలం, భర్త పోయాక పొలం కొడుకుకి అప్పజెప్పి టౌన్లో ఇంట్లో ఉంటోంది. "పై" అని ఇక్కడ పండ్లు పెట్టి బేక్ చేసే వంటకం చేయడంలో ఆవిడ దిట్ట, రిబ్బన్లు ఒక సూట్‌కేసులో దాచుకుంది. నా మాట విని ఆవిడ జాలిపడలేదు, ఓదార్చలేదు. "ఎంట్రీ ఇవ్వకపోతే పేరెలా వస్తుంది?" అంది, అంతే. మరుసటి ఏడాది వసంతంలో ఫెయిర్ బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ ఫెయిర్ బుక్ గురించి చెప్పాలి. పోటీలన్నీ, వాటి నియమాలన్నీ అందులో ఉంటాయి. పశువులు, కోళ్లు, పూలు, కూరగాయలు, కుట్లు, అల్లికలు, ఫోటోలు, బేకింగ్, సీసాల్లో నిల్వ పెట్టినవి. పిల్లలవి 4-హెచ్ అనే పిల్లల క్లబ్బుల విభాగం కింద వేరుగా ఉంటాయి, పెద్దవాళ్లకి ఓపెన్ క్లాస్. ఒక్కో విభాగంలో ఎన్ని ఉపవిభాగాలో చెప్పలేను. దోసకాయ ఊరగాయలోనే సోంపు మొక్క ఆకులాంటి డిల్ వేసినవి, తీపివి, గుండ్రంగా కోసినవి, నిలువుగా కోసినవి అన్నీ వేరు వేరు. చదువుతుంటే మన ఊళ్లో పెద్దవాళ్లు ఆవకాయ, మాగాయ, తొక్కుడు పచ్చడి, పులిహోర ఆవకాయ, బెల్లం ఆవకాయ అని వేరు చేసి మాట్లాడటం గుర్తొచ్చింది. వీళ్లతో మనకి కుదురుతుంది అనుకున్నాను. చివర్లో "పైవాటిలో చేరని ఇతర రెలిష్ లేదా చట్నీ" అని ఒక వరుస ఉంది. అదే నా వరుస.

నా ఆలోచన అప్పటికి చాలా సింపుల్. ఆవకాయ పెడదాం, సీసాలో నింపుదాం, ఇచ్చేద్దాం. పెద్దావిడ పుస్తకంలో ఒక లైను మీద వేలు పెట్టి చూపించింది: పరీక్షించిన రెసిపీ అయి ఉండాలి, ఏ పద్ధతిలో ఎన్ని నిమిషాలు ప్రాసెస్ చేశారో లేబుల్ మీద రాయాలి, రెసిపీ ఎక్కడిదో జత చేయాలి. అనుమానముంటే ఎక్స్‌టెన్షన్ ఆఫీసుని అడగమంది. అయోవా స్టేట్ యూనివర్సిటీ తరఫున ప్రతి కౌంటీలో ఎక్స్‌టెన్షన్ వాళ్లు ఉంటారు. మన దగ్గర వ్యవసాయ విస్తరణాధికారులు ఉంటారు కదా, అలాంటిదే, కాకపోతే వీళ్లు పంట దగ్గర ఆగరు, వంటింట్లోకి కూడా వస్తారు. ఆన్సర్‌లైన్ అని 1975 నుంచి నడుస్తున్న ఫోన్ సర్వీసు కూడా ఉంది వాళ్లది. టమాటాలు సీసాల్లో పెట్టాను, మూత ఉబ్బింది, పారేయాలా అని ఎవరైనా ఫోన్ చేసి అడగొచ్చు. డబ్బులు తీసుకోరు.

నేను ఫోన్ చేసి ఆవకాయ మొత్తం వర్ణించాను. పచ్చి మామిడికాయ టెంకతో సహా కొట్టి, ముక్క తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, మూడో రోజు తిరగకలపడం, ఏడాదంతా జాడీలో బయటే ఉండటం. అవతల ఆవిడ చాలా మర్యాదగా, చాలా శ్రద్ధగా విని, ఎక్కడా వేడి చేయరా అని అడిగింది. చేయం అన్నాను. వెనిగర్? వేయం. పైన నూనె తేలుతుందా? తేలాలి, తేలకపోతే బూజు పడుతుంది అన్నాను గర్వంగా. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత ఆవిడ చెప్పింది నాకు బాగా నచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ పచ్చడి ప్రమాదం అని నేను అనడం లేదు, దాన్ని ఎవరూ ల్యాబ్‌లో కొలిచి లెక్క రాయలేదు అంటున్నాను అంది. వాళ్ల భయం బొట్యులిజం, అంటే ఒక బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతకమైన జబ్బు. ఆ బాక్టీరియా గాలి తగలని చోట పెరుగుతుంది, నూనె కింద గాలి తగలదు. పులుపు తగినంత ఉంటే, అంటే పిహెచ్ 4.6 కంటే తక్కువుంటే (ఆ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) పెరగదు. మామిడికాయ పుల్లగా ఉంటుంది, ఉప్పు కూడా ఎక్కువే, కాబట్టి మన అమ్మమ్మలు చేసింది తెలివైన పనే. కానీ ఏ కాయ ఎంత పులుపో కాయని బట్టి మారుతుంది. ఇక్కడ దొరికే టామీ అట్కిన్స్ కాయ గట్టిగా ఉన్నా పులుపు అంతంతమాత్రం. మన కొత్తపల్లి కొబ్బరి, చిన్న రసం కాయల పులుపు నమ్ముకుని పెట్టిన కొలతలు ఈ కాయలకి ఎలా సరిపోతాయి? ఈ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఇక్కడి కాయతో పెట్టిన ఆవకాయ మనలో చాలామందికి రెండు నెలలకే మెత్తబడి ఎందుకు పాడవుతోందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

మరి ఏం చేయాలంటే, జార్జియా యూనివర్సిటీలో ఇళ్లలో ఆహారం నిల్వ చేసే పద్ధతుల మీద ఒక జాతీయ కేంద్రం ఉంది, వాళ్లు పరీక్షించిన వాటిల్లో మ్యాంగో చట్నీ ఉందని చెప్పి, ఆ కాగితం మెయిల్ చేసింది. గట్టి పచ్చి మామిడికాయ ముక్కలు, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, కిస్‌మిస్, చక్కెర, ఉప్పు, కారం, 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్. వెనిగర్ తగ్గించకూడదు, ఉల్లి, వెల్లుల్లి పెంచకూడదు. అయితే ఎండు మసాలా మార్చుకోవచ్చంది. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. వాళ్ల "చిలీ పౌడర్" అంటే ఉత్త కారం కాదు, జీలకర్ర, వెల్లుల్లి పొడి ఏవేవో కలిపిన మిశ్రమం. దాని బదులు గుంటూరు కారం వేశాను. వేయించిన మెంతిపొడి కొంచెం, ఆవపిండి కొంచెం కూడా వేశాను. ఫెయిర్‌లో నాది అని చెప్పుకోదగ్గవి ఆ మూడే.

సీసాల పని వంట కన్నా పెద్దది. మన జాడీ కుదరదు, స్క్రూ మూత ఉన్న కానింగ్ సీసాలే కావాలి. మూత రెండు భాగాలు, మీద పెట్టే రేకు బిళ్ల ఒకటి, దాన్ని బిగించే రింగు ఒకటి. బిళ్ల ఒక్కసారికే, రింగు మళ్లీ వాడొచ్చు. పెద్ద కానింగ్ గిన్నె కొనడం ఎందుకని పెద్దావిడ పొలంలో పాత ఇంటి సెల్లార్ నుంచి ఇప్పించింది. అది తేవడానికి వెళ్లినప్పుడే వాళ్ల గడ్డి దాచే పెద్ద కొట్టం, అదే బార్న్, లోపలికి చూశాను. పైకప్పు పొడవునా ఒక ఇనుప పట్టా వేలాడుతోంది. దాని మీద జారే కప్పీతో గడ్డి మోపుని బండి మీంచి పైకి లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పడేసేవాళ్లట. ఆ యంత్రానికి 1867లో పేటెంట్ తీసుకున్నాయన విలియం లౌడన్, మా ఫెయిర్‌ఫీల్డ్ ఆయనే. ఆయన కంపెనీ తర్వాత బార్న్‌ల ప్లాన్లు గీసి దేశమంతా పంపేది. అప్పటిదాకా లౌడన్ అంటే ఇక్కడ ఒక పాత ఫ్యాక్టరీ పేరు అనుకున్నాను.

వండటం నేనే, సీసాల్లో పెట్టడం మాత్రం పెద్దావిడ పక్కన నిలబడి చేయించింది. వేడి చట్నీ వేడి సీసాలో, పైన అర అంగుళం ఖాళీ. బుడగలు పోయేలా లోపల పుల్లతో కదపాలి, అంచు తడిగుడ్డతో తుడవాలి, బిళ్ల పెట్టి రింగు వేలికొసలతో బిగించాలి, బలంగా కాదు. మరిగే నీళ్లలో సీసా పూర్తిగా మునిగేలా పెట్టి 10 నిమిషాలు. సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైన ఉండేవాళ్లకి ఇంకో 5 నిమిషాలు ఎక్కువ, మాది అంతకన్నా దిగువే. బయటకి తీసి బట్ట మీద పెట్టాక ఒక్కొక్కటీ చల్లారుతూ మూత లోపలికి లాక్కుని "టింగ్" మంటుంది. మూత లోపలికి లాక్కోకపోతే సీలు పడనట్టే. రాత్రి పడుకున్నాక కూడా ఒక సీసా టింగ్ మంది, మా ఆయన లేచి కూర్చున్నాడు.

తర్వాత ఫారాలు. ఒక్కో ఎంట్రీకి ట్యాగు, దాని మీద డిపార్ట్‌మెంట్, క్లాస్ నంబరు, పేరు, ఊరు. సీసా మీద లేబుల్, తేదీ, పద్ధతి, నిమిషాలు. నాకు టెన్షన్ వచ్చింది ఇక్కడ కాదు, ప్రైజ్ మనీ దగ్గర. గెలిస్తే కొన్ని డాలర్లు ఇస్తారని పుస్తకంలో ఉంది. హెచ్4 మీద ఉన్నవాళ్లకి డాలర్ అనే మాట కనిపిస్తే చాలు గుండె దడ. మూడు డాలర్ల ఊరగాయ డబ్బుకి వీసా పోతుందా అని మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సెక్షన్ నంబరు చెప్పారు. చివరికి ఎంట్రీ టేబుల్ దగ్గర కూర్చున్నావిడతో, వస్తే గిస్తే పిల్లల క్లబ్బుకి ఇచ్చేయండి అన్నాను. చాలామంది అలాగే చేస్తారు అని ఆవిడ ఒక గడిలో టిక్కు పెట్టేసింది.

మా కౌంటీ ఫెయిర్ జూన్ నెలాఖరులో జరుగుతుంది. మన తిరనాళ్లకీ పశువుల సంతకీ మధ్యలో ఏదో అనుకోండి. పందుల షెడ్డు వాసన, ట్రాక్టర్ల చప్పుడు, వేయించిన పిండివంటల పొగ, బన్ను కంటే రెండింతలు పెద్దగా ఉండే పంది మాంసం శాండ్‌విచ్. ఈ ఊళ్లో ఫెయిర్ అంటే కొంచెం పట్టింపు ఎక్కువే, దానికో కారణముంది. అయోవా మొట్టమొదటి స్టేట్ ఫెయిర్ 1854 అక్టోబరులో జరిగింది ఇక్కడే. 1855లో కూడా ఇక్కడే. ఆ తర్వాత ఊరూరా తిరిగి చివరికి రాజధాని డెమోయిన్‌లో స్థిరపడింది.

ఈ సంగతి మా కార్నెగీ మ్యూజియంలో తెలుసుకున్నాను. ఆ భవనం 1893లో ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కట్టిన లైబ్రరీ. ఆయన అప్పటికి తన సొంత ఊళ్లకి, తన ఫ్యాక్టరీలున్న ఊళ్లకి మాత్రమే లైబ్రరీలు ఇచ్చేవాడు, ఏ సంబంధమూ లేని ఊరికి ఇచ్చింది మాకే మొదట. మా ఊరి సెనేటర్ జేమ్స్ విల్సన్ అడిగి సాధించాడట. ఆ మొదటి ఫెయిర్‌లో ఆడవాళ్లకి గుర్రపు స్వారీ పోటీ పెట్టారు, గెలిచినవాళ్లకి బంగారు గడియారం. జనానికి నచ్చింది ఎలైజా జేన్ హాడ్జెస్ అనే 13 ఏళ్ల పిల్ల, జడ్జీలు గడియారం ఇచ్చింది ఇంకొకరికి. జనం ఊరుకోలేదు, అక్కడికక్కడే చందాలు వేసి ఆ పిల్లకి డబ్బు పోగుచేసి ఇచ్చారు, చదువుకి కూడా ఏర్పాటు చేశారు. జడ్జి మాటకి ఎదురు మాట్లాడటం ఈ ఊళ్లో అప్పట్నుంచీ ఉందన్నమాట.

జడ్జింగ్ అందరి ముందే చేస్తారు, ఇష్టమున్నవాళ్లు కుర్చీలు వేసుకుని చూడొచ్చు. జడ్జి వేరే కౌంటీ నుంచి వస్తుంది, సీసాల మీద పేర్లు కనపడకుండా ట్యాగు మడిచి పెడతారు. పక్కన ఒక క్లర్కు కూర్చుని ఆవిడ చెప్పింది రాసుకుంటుంది. నా సీసా వంతు వచ్చింది. ఆవిడ లైటుకి ఎదురుగా పట్టుకుని చూసింది. తిప్పి కింద చూసింది. రింగు విప్పి తుప్పు ఉందేమో చూసింది. చిన్న కొలబద్దతో పైన ఖాళీ కొలిచింది. రెసిపీ కాగితం చదివింది. రంగు బాగుందంది, గుంటూరు కారం పుణ్యం. ముక్కలు అన్నీ ఒక్క సైజులో లేవంది, అది నిజమే, మా ఇంట్లో స్కేలు పెట్టి కోయం. మళ్లీ రింగు బిగించి పక్కన పెట్టేసింది.

నేను పెద్దావిడ చెవిలో "రుచి చూడదా?" అన్నాను. చూడదట. మా ఫెయిర్‌లో సీసాలు తెరవరు. ఎవరింట్లో ఎలా చేశారో తెలియదు, పొద్దుట్నుంచీ అన్ని సీసాలు తింటే జడ్జి ఏమవ్వాలి అని ఆవిడ వాదన. వినడానికి న్యాయంగానే ఉంది, కానీ నేను ఒప్పుకోను. ఊరగాయకి రుచి చూడకుండా మార్కులు వేయడం ఏం పద్ధతి అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కనీసం వాసనైనా చూడాలి. మొదటి రిబ్బన్ ఒక మొక్కజొన్న రెలిష్‌కి వెళ్లింది. దగ్గరికి వెళ్లి చూశాను, ముక్కలు నిజంగానే అన్నీ ఒకే కొలత. నాకు రెండోది, ఎర్ర రిబ్బన్. ఆ వరుసలో పోటీకి వచ్చినవాళ్లు చాలా తక్కువ, ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. అమ్మ మాత్రం "రుచి చూడకుండా రెండోదని ఎలా తెలిసిందే వాళ్లకి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మిగతా రోజంతా పశువుల షెడ్లలోనే గడిపాం. 4-హెచ్ పిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని, తమకంటే ఆరింతలు బరువున్న కోడెల్ని నడిపిస్తుంటారు. ఈ క్లబ్బులకి గుర్తు నాలుగాకుల క్లోవర్. దాని పుట్టుక మాదంటే మాది అని ఒహాయోవాళ్లు, అయోవావాళ్లు వాదించుకుంటారు. ఇక్కడివాళ్లు చెప్పేది జెస్సీ ఫీల్డ్ గురించి. పేజ్ కౌంటీలో పల్లెటూరి బడి టీచరు, 1901లో పిల్లలకి క్లబ్బులు పెట్టి, 1910లో మూడాకుల క్లోవర్ బ్యాడ్జి తయారుచేసింది. నాలుగో ఆకు తర్వాత చేరింది. చివరి రోజు పశువుల వేలం. ఏడాదంతా పేరు పెట్టి పెంచిన కోడెని అమ్మేశాక ఒక పదేళ్ల కుర్రాడు దాని మెడ మీద మొహం పెట్టి ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు కానీ ఊరుకోమనలేదు. వేలంలో కొన్నది ఊరి బ్యాంకు, మార్కెట్ రేటు కంటే చాలా ఎక్కువ పెట్టి. ఊళ్లో వ్యాపారాలన్నీ అలాగే కొంటాయట, ఆ డబ్బు పిల్లల కాలేజీకి పోతుంది.

తర్వాతి వారం పేపర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నాకు మళ్లీ దడ. ఏం లేదు, ట్యాగు మీద నా పేరు పొడుగ్గా ఉంది, ఏది ముందు, ఏది వెనక, స్పెల్లింగ్ సరిగ్గా ఉందా అని కనుక్కోవడానికి. ఒక్కో అక్షరం చెప్పించుకుంది. ఊరగాయలో రెండో బహుమతి కోసం ఫోన్ చేసి స్పెల్లింగ్ అడిగే పేపర్ ఇంకా ఉందంటే నాకు ముచ్చటేసింది. ఇలాంటి పేపర్లు దేశమంతా మూతపడుతున్నాయని అదే పేపర్లో చదివాను. చందా అప్పుడే కట్టాను, అప్పటిదాకా లైబ్రరీలో ఊరికే చదివేదాన్ని కదా.

పేరు పడ్డాక తేడా ఏంటంటే, హైవీలో బిల్లింగ్ దగ్గర ఒకావిడ "మీరేనా మ్యాంగో?" అంది. పోస్టాఫీసులో ఒకాయన తన భార్య కూడా ఆ వరుసలోనే పెట్టిందని, మూడోది వచ్చిందని చెప్పాడు, అందులో కొంచెం నిష్టూరం ఉంది. క్యాంపస్ వాళ్లా అని అడగడం మాత్రం తగ్గింది. పెద్దావిడకి ఇంట్లో పెట్టిన అసలు ఆవకాయ ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పి ఒక చిన్న సీసా ఇచ్చాను. అన్నంలో నెయ్యి వేసి తినమన్నాను. ఆవిడ క్రీమ్ చీజ్ మీద వేసి క్రాకర్స్‌తో తింటోంది, ఇక్కడ మిరపకాయ జెల్లీ అలాగే తింటారు. నేను కూడా తిని చూశాను. బాగుంది, అమ్మకి చెప్పకండి.

ఆగస్టులో డెమోయిన్ స్టేట్ ఫెయిర్‌కి వెళ్లాం, పోటీకి కాదు, చూడటానికి. 1911 నుంచి అక్కడ వెన్నతో ఆవు బొమ్మ చేసి చల్లటి అద్దాల గదిలో పెడతారు, దాని ముందు పెద్ద క్యూ. మా పాప వెన్న అంటే కృష్ణుడు తినేస్తాడేమో అని అడిగింది. ఫుడ్ బిల్డింగులో సీసాల గోడ చూసి నాకు కాళ్లు చల్లబడ్డాయి, అక్కడ పోటీ స్థాయి వేరు. దానికి ఇంకా టైముంది.

ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే, మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్ బుక్ అడగండి. సీసాలు భయమైతే పూల విభాగం సులువు, ఇంటి ముందు బంతిపూలు ఉంటే కాడలతో కోసి తీసుకెళ్లొచ్చు. కుట్లు, అల్లికలు వచ్చినవాళ్లకి పోటీ ఎక్కువ, కానీ మన లేసు పని చూస్తే వాళ్లు వదలరు. ఫెయిర్ జూలై, ఆగస్టుల్లో ఉండే కౌంటీల వాళ్లు బెండకాయలు, పచ్చిమిరపకాయలు కూడా పెట్టొచ్చు, మాకు జూన్‌కి అవి ఇంకా పూత దశలోనే ఉంటాయి.

ఈ ఏడాది నన్ను జడ్జి పక్కన క్లర్కుగా కూర్చోమన్నారు. పచ్చళ్ల టేబుల్ అయితే నేను కూర్చోకూడదు, నా సీసా అక్కడ ఉంటుంది కదా. క్విల్టుల, అదే ముక్కలు కలిపి కుట్టిన దుప్పట్ల టేబుల్ ఇచ్చారు. మామిడికాయ ముక్కలు మాత్రం ఈసారి స్కేలు పెట్టే కోస్తున్నాను.